చెల్లాయమ్మ పన్ను ఏ ఊరిది?

మా ఊళ్ళో పంటినొప్పి లేదు. ఒకప్పుడు ఉండేది. ప్రభుత్వం వారు రద్దు చేశారు.

నమ్మకపోతే వచ్చి చూడండి. వాగు దాటి, వెదురు పొదల పక్కగా పైకెక్కితే మా చీపుర్లగొంది వస్తుంది. ఊరి మొగలో నీలం బోర్డు, దాని మీద తెల్లని అక్షరాలు: "సంపూర్ణ దంతారోగ్య గ్రామం. ఇచ్చట పంటి వ్యాధులు లేవు." బోర్డు పక్కనే సిమెంటుతో కట్టిన పన్ను ఒకటి ఉంటుంది, మనిషంత ఎత్తున, వేళ్ళతో సహా. మా మేకలు దానికి వీపు రుద్దుకుంటాయి. దూరం నుంచి చూసిన కొత్తవాళ్ళు ఏనుగు కాలనుకుని వెనక్కి పరిగెత్తిన సందర్భాలు కూడా ఉన్నాయి. మేం వాళ్ళని ఆపలేదు. ఉన్న పళంగా మాకూ ఒక ఏనుగు ఉందన్న పేరు వస్తుంటే ఎవరు కాదంటారు?

ఈ రద్దు ఎలా జరిగిందో చెబుతాను. ఊరికి పెద్దకాపుని కనుక అన్నీ నా ఎదుటే జరిగాయి.

మా కొండరెడ్ల ఊళ్ళకు రోడ్డు ఇంకా రాలేదు గాని, గుట్కా పొట్లం వచ్చి చాలా కాలమైంది. దాని వెనకే రంగునీళ్ళ సీసాలు, చక్కెర బిళ్ళలు కొండెక్కాయి. ఇవన్నీ వచ్చి మా పళ్ళను పలకరించి, వాటి సంగతి చూశాక, అప్పుడు దంతాభ్యుదయ సంస్థ వచ్చింది. దాని అధికారి శేషభూషణం గారు. ఆయన హోదా ప్రాంతీయ దంత సమన్వయాధికారి. చక్కని మనిషి, తెల్లని పళ్ళు. మాట మాత్రం చదివినట్టు వస్తుంది. మంచినీళ్ళు కావాలన్నా "తాగునీటి సౌకర్యం కల్పించగలరా" అంటారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన బ్రష్షులు పంచారు. కుటుంబానికి ఒకటి.

"ఒకటేంటి బాబూ?" అని మా ఆవిడ కన్నాయమ్మ అడిగింది. "మా ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం గదా."

"ఇది కుటుంబ దంతారోగ్య పథకం అమ్మా," అన్నారాయన ఓపికగా. "ఇందులో వ్యక్తి అనే భావన లేదు. కుటుంబం ఒక యూనిట్. యూనిట్‌కి ఒక నోరు అని భావించి ఒక బ్రష్షు మంజూరు చేశాం."

కన్నాయమ్మ ఆ బ్రష్షుతో లాంతరు గ్లాసు తోముతోంది. ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

రెండోసారి సర్వేకి వచ్చారు. అది కొండచీపురు కోత రోజులు. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళంతా పై కొండ మీదే ఉంటారు, వంటలూ పడకలూ అక్కడే; పాలిచ్చే తల్లులు మాత్రం చీకట్లో దిగి, తెల్లారకముందే ఎక్కిపోతారు. ఊళ్ళో మిగిలింది మా ముసలాళ్ళం, మాకు అప్పగించిపోయిన పసిగుడ్లు. మాకు పళ్ళు ఊడిపోయాయి, వాళ్ళకి ఇంకా రాలేదు. శేషభూషణం గారు టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరి నోళ్ళలోకీ చూశారు. పుచ్చిన పన్ను ఒక్కటి కనబడితే ఒట్టు.

"తాతా, మీకు పంటి సమస్య ఏమైనా ఉన్నదా?" అని నన్నడిగారు.

"నాకు పళ్ళే లేవు బాబూ."

"అంటే సమస్య లేదన్నమాట." ఆయన టార్చి ఆర్పి, చేతులు జోడించారు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత స్వచ్ఛమైన గ్రామాన్ని నేను దర్శించలేదు."

మా అందరికీ బిస్కట్లు ఇచ్చారు. మేం టీలో నానబెట్టుకున్నాం. ఊళ్ళో పళ్ళున్నవాళ్ళు కూడా ఉన్నారని నేను చెప్పబోయాను గాని, ఆయన అప్పటికే ఫొటోకి నిలబడమన్నారు.

చీపురు మోపులతో జనం కొండ దిగేసరికి బోర్డు నాటేశారు. మంత్రిగారి తరఫున ఎవరో వచ్చి, సిమెంటు పన్నుకి పూలదండ వేసి, "గిరిజనులు స్వతహాగా దృఢదంతులు, వారి నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది" అని చెప్పి, నేర్చుకోకుండానే వెళ్ళిపోయారు.

ఇక చెల్లాయమ్మ సంగతి.

చెల్లాయమ్మ నా కోడలు. మా చెల్లెలు బుల్లమ్మ కూతురు. వాగుకి అవతల ఎలుగుబండ దాని పుట్టిల్లు. నా కొడుకు బొజ్జిరెడ్డికి మేనత్త కూతురు కనుక చిన్నప్పటి నుంచీ దాని గొంతు వాడికి అలవాటే. ఆ గొంతు గురించి రెండు మాటలు చెప్పాలి. చెల్లాయమ్మ మా గడపలో నిలబడి మేకల్ని పిలిస్తే ఎదుటి కొండ మీది ఊరి మేకలు కూడా తలొంచుకుని వచ్చేస్తాయి. ఒకసారి ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి ఎదురైంది. ఇది దాన్ని ఏదో అడిగింది. ఏమడిగిందో తెలియదు గాని ఆ ఎలుగు మళ్ళీ మా వైపు రాలేదు. రోజంతా నన్ను ఆటపట్టించడమే దాని పని. "మావా, ఆ మీసం ఎవరి మీదికి దువ్వుతున్నావ్? అత్త ఎప్పుడో లొంగిపోయింది గదా!" అంటుంది. నేనూ ఊరుకోను.

అటువంటి చెల్లాయమ్మ ఒకనాడు పొద్దున నోరెత్తలేదు. మొదట నాకు హాయిగానే ఉంది. సాయంత్రానికి ఇల్లు బోసిపోయింది. మర్నాటికి దాని దవడ గుమ్మడికాయలా లేచింది. గంజి మింగలేకపోయింది. చంకలో పాలు తాగే పిల్ల. తల్లి కడుపులోకి ఏమీ పోకపోతే పిల్లకి పాలెక్కడివి? అదీ ఏడుపు, ఇదీ కళ్ళనీళ్ళు. కన్నాయమ్మ లవంగం పెట్టింది, కానుగ బెరడు కాచి పుక్కిలించమంది. కాసేపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎగదన్నింది.

సంతరోజున దంతాభ్యుదయ సంస్థ వారి పళ్ళ డాక్టరు వ్యాను వాగు అవతలి ఒడ్డుకి వస్తుంది. బొజ్జిరెడ్డి పెళ్ళాన్ని వీపున మోసుకుని వాగు దాటించాడు. నేనూ కన్నాయమ్మా పిల్లని ఎత్తుకుని వెనకాల నడిచాం.

వ్యానులో డాక్టరమ్మ పేరు ప్రణవి. చిన్నపిల్ల, కొత్త ఉద్యోగం. చెల్లాయమ్మ దవడ తాకీ తాకగానే మొహం మారింది. "వెనక పన్ను. కింద చీము పట్టింది. ఇది గొంతు వైపు దిగితే ఊపిరాడదు. ఇవాళే తీసేద్దాం, కుర్చీలో కూర్చోబెట్టండి," అంది.

కూర్చోబోతుండగా వ్యాను లోపలి నుంచి శేషభూషణం గారు దిగారు. "ఏ గ్రామం?"

"చీపుర్లగొంది," అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వారు. "అక్కడ పంటినొప్పి లేదు కదా."

"ఇదిగో, వచ్చిందండి."

"రావడానికి వీల్లేదు. తమరు గమనించవలసిన విషయం ఏమిటంటే, సదరు గ్రామంలో పంటి వ్యాధి నిర్మూలించబడింది. నిర్మూలించబడినదానికి చికిత్స చేస్తే, నిర్మూలన జరగలేదని మనమే ఒప్పుకున్నట్టు. అది ప్రభుత్వాన్ని అవమానించడం."

"సార్, ఆ వాపు చూడండి," అంది డాక్టరమ్మ.

"చూశాను. వాపు ముఖానికి సంబంధించిన అంశం. మనది దంత విభాగం."

"మరి పట్నం ఆసుపత్రికి చీటీ అయినా రాయనా?"

"లేని నొప్పికి చీటీ ఎలా రాస్తారమ్మా?"

బొజ్జిరెడ్డి కుర్చీ పట్టుకున్నాడు. ఎత్తి వాగులో పడేస్తాడేమోనని నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ ఆయన అటు తిరిగినప్పుడు తన సంచీలోంచి మాత్రలు తీసి కన్నాయమ్మ కొంగులో వేసింది. "వచ్చే సంత దాకా ఇవి ఆపుతాయి. ఆ తర్వాత ఆపవు. ఎలాగోలా తీసుకురండి," అని చెవిలో చెప్పింది.

ఎలాగోలా అంటే ఎలా? పట్నానికి ఒక పగలు నడక, ఆపైన బస్సు. చీటీ లేనిదే అక్కడ గేటు దాటనివ్వరు. అప్పుడు సంతకి వచ్చిన మా చెల్లెలు బుల్లమ్మ అంది, "అన్నాయ్, మా ఎలుగుబండకి బోర్డు లేదు గదా. మా ఊళ్ళో ఎవుడికి కావాలంటే ఆడికి నొప్పి. చెల్లాయమ్మని మా ఇంట్లో ఉంచు. వచ్చే సంతకి మా ఊరిదని నేను తీసుకెళ్తా."

మాకు బాగానే తోచింది. చెల్లాయమ్మ పుట్టింట్లో ఉండిపోయింది. మాత్రలు ఉన్నన్నాళ్ళు కాస్త అంబలి దిగింది. మాత్రలు అయిపోయాక మళ్ళీ మొదలు. సంత వచ్చేసరికి దాని నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. పై కొండ మీద మబ్బు నల్లబడుతోంది. ఒక్క గట్టి వాన పడిందంటే వాగు పొంగుతుంది. వాగు పొంగితే వ్యాను మళ్ళీ వానాకాలం వెళ్ళాకే.

ఈసారి బుల్లమ్మ ముందు నడిచింది. "ఎలుగుబండ," అని వాళ్ళు అడక్కముందే చెప్పింది.

శేషభూషణం గారు చెల్లాయమ్మని గుర్తుపట్టారు. కోప్పడలేదు. ఆయన కోప్పడరు, ఆలోచిస్తారు. అదే మాకు భయం. వ్యాను పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఈమె స్వగ్రామం ఎలుగుబండ. అంగీకరిస్తున్నాను. కానీ మనం ఇక్కడ పరిశీలిస్తున్నది ఈమెను కాదు, పన్నును. ఈ పన్ను స్థానికత ఏది?"

"ఏంటంట?" అంది బుల్లమ్మ.

"పన్ను ఎక్కడ మొలిచిందని అడుగుతున్నారు," అన్నాను.

"నోట్లో!"

"ఏ గ్రామ పరిధిలోని నోట్లో?" అన్నారాయన. "డాక్టర్ గారూ, ఇది ఏ పన్ను?"

"జ్ఞానదంతం సార్. చివరిది. పెద్దయ్యాక వస్తుంది," అంది డాక్టరమ్మ. చెప్పేసి నాలిక కరుచుకుంది.

"ఆహా. పెళ్ళి?"

"చిన్నతనంలోనే చేశాం," అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

శేషభూషణం గారు తృప్తిగా వెనక్కి వాలారు. "విషయం స్పష్టం. ముందు పళ్ళు, పక్క పళ్ళు ఎలుగుబండ స్థానికులు. ఈ ఒక్క పన్ను మాత్రం చీపుర్లగొందిలో మొలిచింది. అది సంపూర్ణ ఆరోగ్య గ్రామపు పన్ను. కనుక చెడిపోదు. ఈమెకు ముందు పళ్ళలో ఏదైనా తీయించుకోవాలని ఉంటే మాకు అభ్యంతరం లేదు. ఉచితం."

"బాగున్న పళ్ళు పీకుతావా?" బుల్లమ్మ కొంగు బిగించింది. "నీ ఇల్లు సల్లగుండ, ఇను. నా కూతురు పురిటికి మా ఇంటికొచ్చింది. ఆ నెలలోనే ఎనక పన్ను మొలుత్తా జొరం పెట్టింది. గుడ్డ కొరికి నొప్పులు పడ్డది. పిల్లా పన్నూ రెండూ మా ఇంట్లోనే పుట్టినయ్. మంత్రసానిని పిలవమంటావా?"

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. నిజమో అబద్ధమో గాని బుల్లమ్మ చెప్పిన తీరు గొప్పగా ఉంది. డాక్టరమ్మ అప్పుడే సూదిమందు చేతిలోకి తీసుకుంది.

"ఆగండి. పురిట్లో పుట్టిన పిల్ల ఏ ఊరి లెక్కలో ఉంది?"

"చీపుర్లగొంది."

"పుట్టింది ఎలుగుబండలో అయినా, తండ్రి ఊరి లెక్కలోకి వెళ్ళింది కదా. అదే పురిట్లో పుట్టిన పన్నుకు వేరే న్యాయం ఉంటుందా? తోబుట్టువుల మధ్య వివక్ష చూపమంటారా?"

డాక్టరమ్మ సూదిమందు కింద పెట్టింది. చెల్లాయమ్మ ఇసుకలో కూలబడింది. దాని ఊపిరి గరగరమని మాకు వినిపిస్తోంది. అదివరకు దాని గొంతు కొండల మీద వినబడేది. ఇప్పుడు పక్కనున్నవాళ్ళకే, అదీ ఊపిరి మాత్రం. బొజ్జిరెడ్డి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"సారూ, నా పెళ్ళాం సచ్చిపోద్ది. ఏదో ఒక దారి సెప్పండి."

శేషభూషణం గారు చలించారు. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు.

"ఒక మార్గం ఉంది. భర్త నివాసమే భార్య నివాసం అన్నదాని వల్ల కదా ఈ చిక్కు. ఆ సంబంధం తెగితే, సదరు స్త్రీ యావత్తు దంతసంపదతో పుట్టింటి పరిధిలోకి వచ్చే అవకాశాన్ని పరిశీలించవచ్చు. మేము దీనిని వైవాహిక విరామం అంటాం."

"ఏంటంట?" అంది బుల్లమ్మ మళ్ళీ.

"ఇడిపొమ్మంటున్నారు," అన్నాను.

మా కొండరెడ్లలో విడిపోవడానికి కోర్టులు లేవు. ఆలుమగలు ఇద్దరూ పెద్దకాపు ముందు నిలబడి ఒక ఎండుపుల్ల చెరో కొసా పట్టుకుని విరవాలి. విరిగితే తెగిపోయినట్టే. పెద్దకాపుని నేనే. నా కొడుకుకీ కోడలికీ అయిన పెళ్ళి నా ఎదుటే తెగాలి. వాగు ఒడ్డున చూస్తే పచ్చి వెదురు తప్ప ఎండుపుల్ల కనబడలేదు. చివరికి డాక్టరమ్మే నాలుక నొక్కే చెక్కపుల్ల ఒకటి తెచ్చిచ్చింది.

బొజ్జిరెడ్డి ఒక కొస పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేను ఇరవనయ్యా. నా సేత కాదు."

చెల్లాయమ్మ లేచింది. మొగుడి మొహంలోకి చూసింది. మాట రాదు కదా, వాడి తల మీద ఒక్క మొట్టికాయ వేసింది. ఆ తర్వాత రెండో కొస పట్టుకుని ఫట్టుమని విరిచింది. ఆ చప్పుడుకి వాగులో చేపలు అవతలి ఒడ్డుకి పోయాయంటే మీరు నమ్మరు. పోనివ్వండి.

"అయిపోయిందండి," అన్నాను. "ఇప్పుడు అది ఎలుగుబండ పిల్ల."

శేషభూషణం గారు తలాడించారు. మళ్ళీ ఆగారు.

"ఒక చిన్న సాంకేతిక అంశం. సదరు పన్ను వివాహకాలంలో సమకూరినది. వివాహం రద్దయినా, అందులో సమకూరిన వస్తువు ఎవరికి చెందుతుంది? నా అభిప్రాయంలో, భర్త కుటుంబానికి. కనుక పన్ను ఇంకా చీపుర్లగొందిదే."

"నాకొద్దు!" అని అరిచాడు బొజ్జిరెడ్డి. "ఆ పన్ను నాకొద్దు, దానికే ఇచ్చేత్తన్నా!"

అప్పుడు కన్నాయమ్మ కదిలింది. అంతవరకూ పిల్లని ఊపుతూ ఓ పక్కన నిలబడ్డ మనిషి, పిల్లని నా చేతిలో పెట్టి, నడుముకి చెయ్యి పెట్టింది. ఆమెతో కాపరం చేసినవాణ్ణి కనుక రెండడుగులు వెనక్కి వేశాను.

"నోరు ముయ్యరా! ఎందుకొద్దు? పుల్ల ఇరిగాక మనింటిది మనకి రావాల్సిందే. పూసల దండ ఇచ్చెయ్యమను. కంచు గిన్నె ఇచ్చెయ్యమను. మన అంబలి తాగి మొలిచిన పన్ను అది, అదీ ఇచ్చెయ్యమను. మాయదారి సంబంధం, మా పన్ను నోట్లో పెట్టుకుని పుట్టింటికి పోతావా?"

"ఏం మాటలే వదినా అవి!" బుల్లమ్మ నిజంగానే మండిపడింది. "నా కూతురు పేణం మీదకొత్తంటే పన్ను లెక్క కడతావా?"

"కడతా! మా పన్ను మా సేతిలో పెట్టి మరీ మాట్లాడు. ఇప్పుడే, ఇక్కడే. లేపోతే మీ ఊరోళ్ళందరూ మా పన్ను దొంగలే!"

ఇలా అంటూనే కన్నాయమ్మ మా చెల్లెలి చెయ్యి గట్టిగా గిల్లింది. బుల్లమ్మ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఇంకా గట్టిగా మొదలుపెట్టింది. "తీసుకో! మీ పన్ను మాకెందుకు? మా ఎలుగుబండలో పళ్ళకి కరువా? ఓ డాక్టరమ్మా, వీళ్ళ పన్ను వీళ్ళ మొహాన కొట్టు! మీ సొమ్ము నా కూతురి నోట్లో ఒక్క ఘడియ ఉండటానికి ఈల్లేదు!"

సంతకి వచ్చినవాళ్ళంతా మూగారు. ఎలుగుబండ వాళ్ళు కర్రలు పట్టుకున్నారు, మా వాళ్ళు చీపురు మోపులు దించారు. సగంమందికి గొడవ దేనికో తెలియదు గాని, ఏ వైపు నిలబడాలో మాత్రం తెలుసు. శేషభూషణం గారు కుర్చీ మీదికి ఎక్కారు.

"శాంతి! శాంతి! ఇది ఆస్తి వివాదం!" అన్నారు. అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనకి ఏదైనా కొత్త మాట దొరికితే అలాగే వెలుగుతుంది. "అవును. ఆస్తి వివాదం. అంటే ఇది వ్యాధి కాదు, చికిత్సా కాదు. సంపూర్ణ దంతారోగ్య హోదాకు ఎటువంటి భంగమూ లేదు. ఇది కేవలం స్వాధీనం. డాక్టర్ గారూ, సదరు పన్నును ప్రస్తుత స్థానం నుంచి వేరుచేసి, హక్కుదారులకు అప్పగించగలరా?"

డాక్టరమ్మ అప్పటికే చెల్లాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, దవడకి సూదిమందు ఎక్కించింది. ఆయన మాట పూర్తయ్యేసరికి మత్తు పనిచేసి నోరు తెరుచుకుంది. చీము ఎంత వచ్చిందో చెప్పను, మీరు అన్నం తిని ఉంటారు. పన్ను వచ్చింది. డాక్టరమ్మ దాన్ని కడిగి, అడ్డాకులో పెట్టి, కన్నాయమ్మకి అందించింది.

"అందినదా?" అన్నారు శేషభూషణం గారు.

"అందింది," అని కన్నాయమ్మ ఆకు మడిచి బొడ్డున దోపుకుంది. ఆ తర్వాత ఇసుకలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. బుల్లమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది. మేం అందరం వాగు దాటాక వాన పడింది.

చెల్లాయమ్మ మాత్రం చంటిపిల్లతో తల్లి ఇంట్లోనే ఉండాలి కదా, విడిపోయిన మనిషి. వాపు తగ్గి, గొంతు తిరిగొచ్చిన రోజున నేను మా ఇంటి ముందు కూర్చున్నాను. వాగు అవతల నుంచి, పొంగే నీళ్ళ హోరు మీదుగా వినబడింది. "మావా! నా మొగుణ్ణి నాకు ఎప్పుడిత్తావ్?"

వాగు తగ్గగానే మళ్ళీ పెళ్ళి చేశాం. కల్లు, కోడి, డప్పు అన్నీ కొత్త పెళ్ళికి ఉన్నట్టే. బొజ్జిరెడ్డి మొదటి పెళ్ళి కంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ ఊరంటే ఒక్క చెల్లాయమ్మ కాదు గదా. గుట్కా నమిలిన నోళ్ళు, రంగునీళ్ళు తాగిన నోళ్ళు ఇంటింటా ఉన్నాయి. వానలు వెలిసి వ్యాను తిరిగి రావడంతోటే మా ఊళ్ళో ఆలుమగలు జతలు జతలుగా వాగు ఒడ్డుకి బయల్దేరారు. పుల్ల విరవడం, "మా పన్ను మాకియ్యి" అని గొడవపడటం, పన్ను పీకించుకోవడం, మాపటికి మళ్ళీ పెళ్ళి. పెళ్ళాం పన్ను అత్తింటి అంబలికి మొలిచింది కనుక మొగుడిది. మొగుడి పన్ను పెళ్ళాం వంట తిని పుచ్చింది కనుక పెళ్ళానిది. శేషభూషణం గారికి ఇందులో ఏ లోపమూ కనబడలేదు. పెళ్ళికానివాళ్ళ బాధ చెప్పనలవి కాదు. ఒక కుర్రాడు దవడ పట్టుకుని వచ్చి, "పెద్దకాపూ, నాకు ఎవుర్నో ఒకర్ని సూడు, రేపటికల్లా ఇడిపోతాం," అని బతిమాలాడు. పెళ్ళిళ్ళ దెబ్బకి ఊళ్ళో కోళ్ళు అయిపోయాయి. మిగిలిన ఒక్క పుంజు అడవిలోకి పారిపోయి, అడవికోళ్ళ దగ్గర తలదాచుకుందని విన్నాను.

పైవాళ్ళకి వార్త వెళ్ళింది. పళ్ళ గురించి కాదు. ఈ కొండల్లో సంసారాలు కూలిపోతున్నాయని, ఒకే నెలలో ఊరంతా విడిపోయిందని, గిరిజన కుటుంబ వ్యవస్థ ప్రమాదంలో పడిందని పట్నంలో సమావేశాలు జరిగాయి. కుటుంబాల గురించి అనుభవం ఉన్న అధికారి ఎవరున్నారని వెతికితే శేషభూషణం గారు దొరికారు. కుటుంబ సంరక్షణ అదనపు బాధ్యతతో ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి కోత రోజులు కావు, ఊరంతా ఊళ్ళోనే ఉంది. నాలుగు రోజుల పెళ్ళిళ్ళ సందడిలో అందరూ జంటలుగా, నవ్వుతూ కనబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నీలం బోర్డు పక్కన పచ్చబోర్డు వెలిసింది: "విడాకుల రహిత గ్రామం. ఇచ్చట దంపతులు విడిపోరు."

ఆ బోర్డు నాటిన వారమే మా బొజ్జిరెడ్డికి దవడ లేచింది.

సంతరోజున చెల్లాయమ్మ వాడి దవడకి తువాలు కట్టి వాగు దాటించింది. పుల్ల తెచ్చింది. శేషభూషణం గారు చెయ్యి అడ్డుపెట్టారు. "వీల్లేదమ్మా. మీ గ్రామంలో విడిపోవడం నిర్మూలించబడింది."

డాక్టరమ్మ వ్యాను మెట్టు మీద నిలబడి మా కోడలి వైపే చూస్తోంది. బొజ్జిరెడ్డి కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. చెల్లాయమ్మ పుల్ల పక్కన పడేసింది.

"సారూ, పంటినొప్పి రద్దయ్యింది. ఇడిపోవటం రద్దయ్యింది. సావు రద్దయ్యిందా?"

ఆయన జ్ఞాపకం చేసుకున్నారు. "ఇంకా లేదు. ప్రస్తుతానికి అటువంటి ప్రతిపాదన లేదు."

"అయితే మా ఆయన పోయాడు. పోయినోడి పన్ను పెళ్ళానికే గదా రావాల? నా పన్ను నాకిప్పించండి."

బొజ్జిరెడ్డి తువాలులోంచి తల ఊపాడు.

శేషభూషణం గారు సంతాపంగా కళ్ళజోడు తీశారు. "చాలా విచారకరం. ఎలా పోయారు?"

"పంటినొప్పితో."

"అది కుదరదమ్మా," అన్నారాయన ఎంతో మెత్తగా. "మీ ఊళ్ళో పంటినొప్పితో పోవడానికి వీల్లేదు. వేరే కారణం చెప్పు."

చెల్లాయమ్మ మొగుడి వాచిన మొహంలోకి ఓసారి చూసి, ఆలోచించి చెప్పింది. "నవ్వి నవ్వి పోయాడు."

"బాగుంది. అది చాలా బాగుంది," అన్నారు శేషభూషణం గారు.

డాక్టరమ్మ చేతులకి తొడుగులు వేసుకుని "నోరు తెరవండి" అంది. పోయినవాడు తెరిచాడు.